శక్తివంచన

మే నెలలో బెజవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది? ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా వేడే. అలాంటి ఒక మధ్యాహ్నం మా అబ్బాయి గదిలోంచి మిక్సీ తిరుగుతున్నట్టు ఒకటే రొద. నా కొడుకు పచ్చడి చేసేంత ప్రయోజకుడెప్పుడయ్యాడా అని ఆశగా వెళ్ళి చూశాను. పచ్చడీ లేదు, పాడూ లేదు. వాడి కంప్యూటరు రొప్పుతోంది.

"గ్రాఫిక్స్ కార్డమ్మా. వేడెక్కిపోతోంది" అన్నాడు.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని. నాకు కార్డంటే రేషను కార్డూ, పెళ్ళి కార్డూ. వాడే ఓపిగ్గా చెప్పాడు. తెరమీద బొమ్మలు గీసే పని ప్రత్యేకంగా దానిదట. దానికో గడియారం వుంటుంది, క్లాకు అంటారు. అది టిక్కుమన్నప్పుడల్లా పని ఒక అడుగు ముందుకి పడుతుంది. మన గోడ గడియారం సెకనుకి ఒక్కసారి టిక్కుమంటుందా, వాడి కార్డుది సెకనుకి 178 కోట్ల సార్లు! వేడెక్కక ఏం చేస్తుంది చెప్పండి?

ముందు పెట్టె విప్పి ఫ్యాన్లకి పట్టిన దుమ్ము దులిపాడు. చాల్లేదు. అప్పుడు తెరమీద ఒక గీత తెప్పించి, దానిమీది చుక్కని కాస్త వెనక్కి జరిపాడు. 1785 మెగాహెర్ట్జ్ వున్న వేగం 1600కి దిగింది. అరగంటలో 84 డిగ్రీల వేడి 75 అయింది. రొద సద్దుమణిగింది. బొమ్మలకి వచ్చిన లోటేమిటో నాకైతే కనబడలేదు. "సెకనుకి 70 బొమ్మలు వచ్చేచోట 63 వస్తాయి, అంతే" అన్నాడు.

నేను వూరుకోలేకపోయాను. "అంత డబ్బు పోసి కొన్నాం. చెయ్యగలిగిన దానిచేత కావాలని తక్కువ చేయించడం శక్తివంచన కాదుట్రా?"

వాడు నవ్వాడు. నేను మాత్రం వంటింట్లోకి వచ్చాక కూడా ఆ మాట దగ్గరే ఆగిపోయాను. శక్తి వుండి తక్కువ చేస్తే మన భాషలో దానికి పెట్టిన పేరు వంచన. బద్ధకం అనలేదు, విశ్రాంతి అనలేదు. నేరుగా మోసం అన్నారు. ఎవర్ని మోసం చేసినట్టు?

ఆ మాట నేను తేలిగ్గా వాడేదాన్ని. 2012లో మా అమ్మ టీచరుగా రిటైరైనప్పుడు సన్మానపత్రం రాసింది నేనే. "ముప్పై నాలుగేళ్ళపాటు ఇంటా బయటా శక్తివంచన లేకుండా శ్రమించిన మాతృమూర్తి" అని రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పత్రం ఇప్పటికీ అమ్మావాళ్ళ హాల్లో ఫ్రేములో వుంది. ఆ మరుసటి ఏడే తమ్ముడి పెళ్ళి. నాలుగు రోజుల జ్వరం ఎవరికీ చెప్పకుండా, మాత్రలు మింగుతూ, అమ్మ అరిసెలపాకం దగ్గరే నిలబడింది. పెళ్ళి ఇంకా మూడు రోజులుందనగా వంటింటి గడప దగ్గర కూలిపోయింది. తరవాత రెండు నెలలు మంచంమీదే. ఆవిడ ఒక్కతే చేసిన పని ఆ రెండు నెలలూ నలుగురం కలిసి చేశాం, అదీ అంతంతమాత్రంగా.

సాయంత్రం వాడు కాఫీకి వచ్చినప్పుడు మళ్ళీ కదిపాను. "నువ్వు తగ్గించకపోతే ఏమయ్యేది?"

"అదే తగ్గించుకునేదమ్మా. 83 దాటగానే తనంత తనే నీరసపడుతుంది. చల్లారితే మళ్ళీ పరుగు, మళ్ళీ వేడి, మళ్ళీ నీరసం. బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. మరీ మీరితే మొత్తం ఆగిపోతుంది. దానికంటే మనమే ఒక వేగం చూసి పెట్టడం నయం కదా."

ఇంకో లెక్క కూడా చెప్పాడు. అది నాకు బాగా నచ్చింది. ఖర్చయ్యే కరెంటు, దాంతోపాటు పుట్టే వేడి, వేగాన్నిబట్టి పెరుగుతాయి. వోల్టేజీ పెరిగితే మాత్రం దాని వర్గాన్నిబట్టి పెరుగుతాయి. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. అందుకని రెండూ తలా పదో వంతు తగ్గిస్తే వేడి పదో వంతు కాదు, నూటికి 27 వంతులు తగ్గుతుందిట. అంటే ఆ చివరి పదో వంతు వేగం కోసం మనం నాలుగో వంతు పైగా మంట భరిస్తున్నామన్నమాట.

మన ఇళ్ళల్లో ఆ చివరి పదో వంతు ఏమిటో ఆడవాళ్ళకి చెప్పాలా? నాలుగు కూరలు చాలినచోట అయిదోది. వచ్చినవాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోతున్నా దారిలోకంటూ కట్టిచ్చే పులిహోర. మా అమ్మ అరిసెలు. ఆ పెళ్ళిలో అరిసెలు కొన్నవేనని ఎవరైనా కనిపెట్టారా? నాకు గుర్తులేదు. అమ్మ కూలిపోవడం మాత్రం గుర్తుంది.

కంప్యూటర్లు చేసేవాళ్ళకీ ఈ సంగతి కాస్త ఆలస్యంగానే తెలిసిందిట. వేగం పెంచుకుంటూ పోయి పోయి, వేడితో వేగలేక, 2004లో ఇంటెల్ కంపెనీ నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న మాట వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడు నుంచీ ఒకే చిప్పులో రెండు కోర్లు పెట్టి పని పంచడం మొదలుపెట్టారు. ఆ ముక్క వినగానే నేను మావారి వైపు చూశాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆయన క్లాకు పెళ్ళినాడే ఎవరో తగ్గించి పంపారు లెండి.

హాస్యానికేం గానీ, ఇందులో నాకొక చిక్కు కనబడింది. కార్డు వేగం తగ్గిస్తే ఆ బరువు ఇంకెవరి నెత్తినా పడదు. బొమ్మలే తగ్గుతాయి. ఇంట్లో నేను తగ్గితే? కిందటివారం మధ్యాహ్నం ఒళ్ళు బాగాలేదని రెండు గంటలు నడుం వాల్చాను. ఆవేళ మా పనమ్మాయి రెండు గంటలు ఆలస్యంగా ఇంటికి వెళ్ళింది. ఆ అమ్మాయికి ఇంకా మూడిళ్ళ పనుంది. నేను వేగం తగ్గించుకున్నాననుకున్నాను గానీ, నా వేడి ఆ పిల్లమీదకి తోలాను. ఏసీ పెట్టుకున్నవాళ్ళు పక్కింటి కిటికీలోకి తోలినట్టు. వంచన అంటే నిజంగా అదే కాబోలు. తగ్గిస్తే పనినే తగ్గించాలి. చేతులు మార్చి తగ్గించాననడం కాదు.

అందుకని ఈ ఏడు ఆవకాయ పాతిక కాయలే పెట్టాను. ఏటా వంద. బెంగుళూరులో తమ్ముడికొక జాడీ, ఆడపడుచులిద్దరికీ, ఎదురింటివాళ్ళకీ, అడగనివాళ్ళకి కూడా. కాయలు కొట్టించినా, ప్రతి ముక్కకీ జీడి తీసి, పొర గీకి, తుడవడానికి నాకూ పనమ్మాయికీ రెండు పూటలు పట్టేది. ఈసారి పదకొండు గంటలకల్లా అయిపోయింది. ఆ పిల్ల జాడీలోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూసి, "ఇంతేనా అమ్మగారూ?" అని, నేను మనసు మార్చుకుంటానేమోనని చెప్పులేసుకుని గబగబా వెళ్ళిపోయింది.

రాత్రి అమ్మ ఫోను చేసింది.

"ఎన్ని కాయలు పెట్టావే?"

"పాతికమ్మా."

అటునుంచి కాసేపు మాట లేదు. "తమ్ముడికి?"

"ఈసారి కొనుక్కోమన్నాను."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే వుందమ్మా."

"మరి?" అంది అమ్మ.