కత్తెర ఎవరి చేతిలో?

ప్రొద్దుటూరులో పెళ్లి ఫోటోలు తీసే కుర్రాడొకడు ఉండేవాడు. ముహూర్తాలున్నన్నాళ్లూ వాడికి తినడానికి కూడా తీరికుండదు. మూఢం వచ్చిందంటే మాత్రం పొద్దు గడవదు. అట్లాంటి ఒక మూఢంలో తెల్లవారకముందే బండేసుకుని గండికోటకు పోయాడు. ఎర్రమల కొండల్ని పెన్నేరు కోసుకుంటూ పారే ఆ లోయ అంచున ఒక బండ మీద కూర్చున్నాడు. ఎండ ఎదుటి గట్టు మీదికి దిగేదాకా కాచుకుని ఫోటో తీశాడు.

ఫోటోలో అన్నీ ఉన్నాయి. పైన మూడో వంతు తెల్లటి ఉత్త ఆకాశం, దాని కింద లోయ, అడుగున నీళ్లు, ఎడమ పక్క కోటగోడ ముక్క, కుడి మూలన ఎవరో పారేసిన ప్లాస్టిక్ సీసా ఇరుక్కున్న కంప. లోయ ముందు నిలబడ్డప్పుడు వాడి గుండె ఝల్లుమంది. ఇంటికొచ్చి తెర మీద చూస్తే ఆ ఝల్లు లేదు. వెడల్పు లెన్సుతో వచ్చే చిక్కే అది: ముందున్న కంపను పెద్దది చేస్తుంది, దూరాన ఉన్న లోయను చిన్నబుచ్చుతుంది.

స్టూడియో గోడకు 12 బై 18 ప్రింటు తగిలించాలని వాడి కోరిక. కనపడినవాళ్లందరికీ ఫోటో చూపించి, "ఎట్లుంది? ఏం మార్చాల?" అని అడిగాడు.

కరిజ్మా ఆల్బమ్‌లు చేసే డిజైనర్, "ఆకాశంలో ఏముందన్నా, లేపేద్దాం" అన్నాడు. పైన కోశాడు. పక్కన జిరాక్స్ కొట్టాయన, "గోడ ఉంటే మొత్తం ఉండాల, లేకుంటే వద్దు" అన్నాడు. ఎడమ పక్క బారెడు కోశాడు. స్నేహితుడొకడు కంపను చూసి నవ్వాడు. కుడి పక్కా పోయింది. ఇంకొకరికి నీళ్లు నచ్చాయి, దగ్గరికి లాగమన్నారు. లాగాడు. ప్రతి మాటలోనూ కొంత న్యాయం ఉంది. అసలు తంటా అక్కడే. శుద్ధ తప్పు మాటలైతే వాడూ వినేవాడు కాదు.

చివరికి 6000 బై 4000 పిక్సెళ్ల ఫోటోలో 2400 బై 1600 మిగిలింది. గోడ ప్రింటును నాలుగడుగుల దూరం నుంచి చూస్తాం కాబట్టి అంగుళానికి 200 పిక్సెళ్లున్నా నడుస్తుంది. ఆ లెక్కన చూసినా వాడి ముక్క 12 అంగుళాల పొడవు దాటదు. అది పోనీ అనుకుందాం. చూస్తే గుంటలో నీళ్లలా ఉంది. అది గండికోటో, ఊరి బయటి క్వారీయో చెప్పలేని ఫోటో అయి కూర్చుంది.

రీలు కాలంలో డార్క్‌రూంలో ఎన్‌లార్జర్ ముందు బతుకంతా గడిపిన మాస్టారు ఒకాయన ఆ వీధిలోనే ఉన్నాడు. కుర్రాడు ఆయనకూ చూపించబోయాడు. కోసిన ఫోటో ఆయన ముట్టుకోలేదు. అసలుది ప్రింటు తీసుకురమ్మని, "మీ అమ్మను పిలువు అబ్బీ" అన్నాడు.

ఆమె పైటకొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మా, బాగుందో లేదో చెప్పద్దు. ఏం కనపడిందో చెప్పు, చాలు" అన్నాడు మాస్టారు.

ఆమె ఫోటోను చేయి చాపి దూరంగా పట్టుకుని చూసింది. "ఆ బండ అంచున నిలబడినోడు ఎవుడ్రా? కాలు జారితే ఎముక కూడా దొరకదు గదా!"

కుర్రాడు ముందుకు వంగాడు. ఎదుటి గట్టు మీద, బయటికి పొడుచుకొచ్చిన బండ మీద, బియ్యపు గింజంత మనిషి. భుజాన కర్ర, వెనక మేకలు. అంతమందిలో ఒక్కరూ ఆయన ఊసెత్తలేదు, తీసినవాడికే తెలియదు. గోడ కోసినప్పుడే ఆయన కూడా దాంతోపాటు పోయాడు.

మాస్టారు సొరుగులోంచి ఎల్ ఆకారంలో కత్తిరించిన నల్ల అట్టముక్కలు రెండు తీసి ప్రింటు మీద పెట్టాడు. వాటిని మెల్లగా లోపలికి జరిపాడు. ఆకాశం రెండు వేళ్ల మందం మిగిలింది. గోడ పోయింది, కంప పోయింది. కానీ మేకలాయన దగ్గరికి రాగానే చేయి ఆపేశాడు. ఆయన కాళ్ల కింద నుంచి నీళ్ల దాకా ఉన్న రాతిగోడనూ ముట్టుకోలేదు.

"ఈన్ని చూస్తేనే లోతు తెలిసేది. ఈన కింద ఖాళీ ఉండాల. ఆకాశం అడ్డమన్నోడు, గోడ సగమే పడిందన్నోడు ఇబ్బంది యాడుందో సరిగ్గానే చెప్పినారు. ఎంత కోయాల, యాడ ఆపాల అన్నది వాళ్ల పని కాదు, నీది."

4500 బై 3000 మిగిలింది. 12 బై 18కి సరిగ్గా సరిపోయే కొలత, అంగుళానికి 250 పిక్సెళ్లు. ప్రింటు గోడకెక్కింది.

నీతి: ఫోటో ఎట్లుందని అడిగితే సలహాలొస్తాయి. ఏం కనపడిందని అడిగితే ఫోటోలో ఉన్నది బయటపడుతుంది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎదుటివాళ్లకు ఫోటోగ్రఫీ రానక్కర్లేదు, రాకపోతేనే ఒక్కోసారి మేలు.

తీసిన ఫోటోను కోయడమే తప్పనే పంతం ఒకటుంది. ఆ పంతానికి పెద్దదిక్కు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెసోన్. ఆయనకే 1932లో పారిస్‌లో, సేంట్ లాజార్ స్టేషన్ వెనక, నీటిమడుగు మీదుగా దూకుతున్న మనిషిని కంచె సందులోంచి తీసినప్పుడు పక్కన చెక్క అడ్డం పడింది. అది కోయక తప్పలేదు. ఆయన ఫోటోల్లో బాగా పేరుపడ్డవాటిలో అదొకటి. కాబట్టి కోయడానికి మొహమాటపడకండి. చెప్పినవాళ్లు నలుగురున్నా, ఫోటో కింద పడేది మీ పేరొక్కటే. కోసే ముందు అసలు ఫైలుకు కాపీ తీసి వేరేచోట దాచుకోండి.