కత్తి పట్టుకుని మొక్కవచ్చా?

ఇంగ్లీషు సైన్యంతో పోరాడిన ఫ్రెంచి పిల్ల జోన్ ఆఫ్ ఆర్క్ అనగానే శిల్పులకు చేతులు దురద పెడతాయి కాబోలు. 1852లో ఫ్రాంస్వా రూద్ చెక్కిన జోన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని దివ్యవాణి వింటుంది. 1874లో ఫ్రెమియే ఆమెను గుర్రమెక్కించి చేతికి జెండా ఇచ్చాడు. వీళ్ళిద్దరికంటే ముందే ఒక రాజు కూతురు చేసిన విగ్రహంలో జోన్ తల దించుకుంది. ఒంటిమీద కవచం, రెండు చేతులతో గుండెకు హత్తుకున్న కత్తి, వంచిన తల. అంతే.

చేసింది మరీ దోర్లియాన్, ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ కూతురు. 1813లో పలెర్మోలో పుట్టింది. చిత్రకారుడు ఆరీ షెఫర్ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకుని, శిల్పంలోకి దిగింది. వెర్సాయ్ రాజభవనాన్ని తండ్రి మ్యూజియంగా మారుస్తున్నప్పుడు ఈ విగ్రహం తయారైంది. మ్యూజియం తెరిచిన 1837లోనే ఆమె పెళ్ళి. పెళ్ళికొడుకు వుర్టెంబర్గ్ డ్యూక్ అలెగ్జాండర్ ప్రొటెస్టెంట్, ఈమె కాథలిక్. మరుసటేడు కొడుకు పుట్టాడు. 1839 జనవరిలో పీసాలో క్షయతో పోయింది. పాతికేళ్ళు.

నేను డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని, వేదాంతం చదువుకోలేదు. అయినా ఈ బొమ్మ నన్ను వదలదు. 1431లో మతకోర్టు జోన్‌ను ధర్మభ్రష్టురాలంది, రూఆన్‌లో ఆమెను తగలబెట్టారు. 1456లో ఆ తీర్పు రద్దయింది. సెయింట్ అని రోమ్ ప్రకటించింది 1920లో. అంటే మరీ నాటికి ఆమె ఎవరి ఇంటి దేవతా కాదు. మరీ ఆమెకు మొక్కలేదు, ఆమె చేత మొక్కించింది. ఈ తేడా నాకు చాలా పెద్దది.

చేతిలో కత్తి ఉండగా చేసేది ప్రార్థన ఎలా అవుతుంది? అర్జునుడు గాండీవం కింద పడేసి కూర్చున్నాడు, కృష్ణుడు మళ్ళీ పట్టించాడు. అక్కడ తేలవలసింది పట్టడమా, విడవడమా అన్నదే. జోన్ విడవలేదు, ఎత్తనూ లేదు. కత్తిపిడి ఎలాగూ శిలువలాగే ఉంటుంది కాబట్టి, దేవుడే యుద్ధం చేయమన్నాడని ఈ బొమ్మ చేత చెప్పించడం చాలా తేలిక. నా అనుమానమూ అక్కడే. అవతలి ఇంగ్లీషు సైన్యం మొక్కిందీ అదే క్రీస్తుకు కదా!

మా నాన్న వడ్రంగి. విజయదశమికి ఉలి, బాడిస, రంపం కడిగి కుంకుమ పెట్టి, ఆ రోజంతా వాటిని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆయుధపూజ మంచిదే, కానీ రేపు నువ్వేం కోస్తావని రంపాన్ని ఎవరూ అడగరు. మరీ చేసిన జోన్ ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉందనిపిస్తుంది. ఆమె పైకి చూడదు, ఆజ్ఞ కోసం ఎదురు చూడదు. గెలుపు అడుగుతున్నట్టు కూడా లేదు. తను చేయబోయే పని బరువు తన మీదే వేసుకున్న మనిషి నిలబడే తీరు అది. పనిని దేవుడి నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం భక్తి కాదని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు దొరకలేదు. రూద్ గొప్ప శిల్పే, కాదనను. కానీ ఆయన జోన్‌కు పైనుంచి ఎవరో చెబుతున్నారు, పాపం, ఆమెకు ఆలోచించే పని లేదు.

1848 విప్లవంలో లూయీ ఫిలిప్ సింహాసనం పోయింది, ఆయన ఇంగ్లండు పారిపోయాడు. కూతురు చేసిన బొమ్మ మాత్రం ఉండిపోయింది. పాలరాతి విగ్రహం వెర్సాయ్‌లో ఉంది, దాని కంచు ప్రతి ఓర్లియాన్స్‌లో గ్రోలో భవనం ముందు నిలబడి ఉంది. పిల్లల్ని చూడటానికి ఫ్రాన్సు వెళ్ళే మనవాళ్ళు ఐఫెల్ టవర్ దగ్గరే ఆగిపోకండి. పారిస్ నుంచి ఓర్లియాన్స్‌కు రైలుంది, ఒకరోజు వెళ్ళి చూసి రండి.