ఆమె వద్దన్న చిత్రము



మృతుల మాటకు విలువ ఎంత? బ్రదికియుండగా ఒకరు వద్దన్న పనిని, వారు కన్నుమూసిన తరువాత మనము చేయవచ్చునా? ఆస్తి విషయములో ఈ ప్రశ్న మన పల్లెలలో తరచుగా వచ్చుచునే యుండును. తండ్రి అమ్మవద్దన్న చెరువు క్రింది ఎకరమును కుమారులు అమ్మివేసినప్పుడు ఊరంతయు నోరు నొక్కుకొనును. అయితే పాట విషయములో, అందులోను ఆరాధనలో పాడిన పాట విషయములో ఈ ప్రశ్న పుట్టునని మేము ఎన్నడును తలంచలేదు. ఒక చిత్రమును చూచిన మీదట అది మా యెదుట నిలిచినది. దానినే ఈ నెల మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

అమెరికా దేశములో అరీతా ఫ్రాంక్లిన్ అను గాయని యుండెను. ఆమె 1942లో మెంఫిస్ పట్టణములో పుట్టి డెట్రాయిట్ పట్టణములో పెరిగెను. ఆమె తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ గారు అక్కడి న్యూ బెతెల్ బాప్టిస్టు సంఘమునకు కాపరి, ప్రసంగములో పేరెన్నికగన్నవాడు. పదియేండ్లు నిండకముందే తల్లిని పోగొట్టుకొనిన ఆ బిడ్డ తండ్రి సంఘములోనే పాడ నేర్చెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున లోకపు పాటలవైపు వెళ్లెను. 1967లో "రెస్పెక్ట్" అను పాటతో ఆమె పేరు దేశమంతట మ్రోగెను. ఆ మాటకు మన భాషలో మర్యాద అని అర్థము. నల్లజాతివారు తమ హక్కులకై పోరాడుచుండిన ఆ దినములలో ఆ పాట వారి చేతికొక జెండా అయ్యెను.

అంత పేరు వచ్చిన తరువాత, 1972 జనవరి 13, 14 తేదీల రాత్రులు, ఆమె మరల భక్తి గీతములు పాడుటకు ఒక సంఘములో నిలువబడెను. అది లాస్ ఏంజిలిస్ నగరములోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు సంఘము. 1965లో గొప్ప అల్లర్లు జరిగిన వాట్స్ ప్రాంతము దానికి సమీపముననే యున్నది. ఆ మందిరము అంతకుముందు ఒక సినిమాహాలు. జేమ్స్ క్లీవ్‌లండ్ అను దైవసేవకుడు పియానో వాయించుచు కూటమును నడిపించెను. సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ గాయకబృందము ఆమె వెనుక కూర్చుండెను. ఆ రెండు రాత్రుల పాటలు ఆ సంవత్సరమే "అమేజింగ్ గ్రేస్" అను పేరుతో రికార్డుగా వెలువడి ఇరువది లక్షలకు పైగా అమ్ముడుపోయెను.

సెమినరీలో చదువుకొను దినములలో ఒక క్యాసెట్టు ద్వారా ఆ కంఠము మాకు తెలిసినది. ఇంగ్లీషు మాటలు సగము చెవికి అందకపోయినను, ఆ కంఠములోని ఆకలి మాత్రము అందెను. అది మొదలుకొని మేము ఆమె అభిమానులమే. కాపరి లోకప్రసిద్ధురాలైన గాయనికి అభిమానియై యుండవచ్చునా అని కొందరు అడుగుదురు. దావీదు సితారాను మెచ్చుకొనువాడు దేవునిని మరచినవాడు కాడని మా ఉత్తరము.

ఆ రెండు రాత్రులు మందిరములో కెమేరాలును ఉండెను. సిడ్నీ పొలాక్ అను దర్శకుడు అంతయు చిత్రీకరించెను. అయితే ఒక చిన్న పని జరుగలేదు. చిత్రము తీయువారు ప్రతి భాగమునకు ముందు ఒక పలకను టప్పున కొట్టుదురు. ఆ చప్పుడును ఆ బొమ్మను జతచేసి, శబ్దమెక్కడ మొదలగునో తరువాత పోల్చుకొందురు. అక్కడ ఆ పలక కొట్టబడలేదు. అందుచేత పాడు పెదవులును వినబడు పాటయు కలియక, ఆ ఫిల్ము చుట్టలు దశాబ్దములపాటు గిడ్డంగిలో పడియుండెను. దర్శకుడు 2008లో మరణించెను. అటుతరువాత ఆలన్ ఎలియట్ అను నిర్మాత కంప్యూటర్ల సహాయముతో బొమ్మను శబ్దమును కలిపించెను.

చిత్రము సిద్ధమాయెను గాని గాయని ఒప్పుకొనలేదు. తన అనుమతి లేకుండ తన రూపమును చూపరాదని 2011లో ఆమె కోర్టుకు వెళ్లెను. 2015లో టెల్యురైడ్ అను ఊరిలో జరిగిన చిత్రోత్సవములో దానిని చూపబోగా, ఆమె కోరిక మీద న్యాయాధిపతి ఆపివేసెను. చిత్రము బాగుండలేదని ఆమె అనలేదు. అది తనకు ఇష్టమేనని పత్రికలవారితో చెప్పెను. అయినను ఒప్పుకొనలేదు. 2018 ఆగస్టు 16న ఆమె 76 ఏండ్ల ప్రాయమున క్యాన్సరు వ్యాధితో మరణించెను. ఆ నవంబరులోనే, కుటుంబమువారి అంగీకారముతో, న్యూయార్కు నగరములో ఆ చిత్రము మొదట ప్రదర్శింపబడెను.

మేము చూచితిమి. ఏండ్ల తరబడి చెవితో ఎరిగినదానిని కంటితో చూచుట ఎట్టిదో యోబు గ్రంథపు చివరి అధ్యాయము చదివినవారు ఊహించుకొనగలరు. పాటల మధ్య ఆమె దాదాపు ఏమియు మాటలాడదు. మాటలన్నియు క్లీవ్‌లండ్ గారివే. దీపముల వేడికి ఆమె ముఖము నిండ చెమట. కన్నులు మూసికొని పాడును. వెనుక కూర్చున్న గాయకులు ఉండబట్టలేక ఒకరి తరువాత ఒకరు లేచి నిలువబడుదురు. జాన్ న్యూటన్ రచించిన కీర్తనను ఆమె పాడుచుండగా క్లీవ్‌లండ్ గారు పియానో విడిచి ప్రక్కకు వెళ్లి, ముఖము కప్పుకొని యేడ్చును. క్యాసెట్టులో మాకు ఆ యేడ్పు తెలియలేదు.

రెండవ రాత్రి తండ్రి ముందు వరుసలో కూర్చుండెను. లేచి మాటలాడి, తన కుమార్తె సంఘమును ఎన్నడును విడిచిపోలేదని జనులయెదుట సాక్ష్యమిచ్చెను. తరువాత ఆమె పియానో యెదుట పాడుచుండగా ఆయన దగ్గరకు వచ్చి, ఒక గుడ్డతో ఆమె ముఖము మీది చెమటను తుడిచెను. లోకమంతయు రాణి అని పిలిచిన స్త్రీ ఆ క్షణమున తండ్రియెదుట చిన్నబిడ్డవలె కనబడెను. మా కన్నులు చెమర్చినవి. వెంటనే మరియొక తలంపు వచ్చెను: ఇది మేము చూడదగినదేనా? ఆమె చూపవద్దన్నది దీనినే గదా!

చనిపోయినవారికి ఇక నష్టమేమున్నదని కొందరు అందురు. ఈ మాట తేలిక మాట. యిర్మీయా గ్రంథము 35వ అధ్యాయము తెరచి చూడుడి. రేకాబీయుల పితరుడైన యెహోనాదాబు ద్రాక్షారసము త్రాగవద్దని తనవారికి చెప్పి రెండువందల యేండ్లు దాటినది. సాక్షాత్తు ప్రవక్తయే దేవాలయపు గదిలో పాత్రలు నింపి వారి ముందు పెట్టినను వారు ముట్టలేదు. దేవుడు వారిని మెచ్చుకొని, తన జనులకు వారిని మాదిరిగా చూపెను. మనిషి మట్టిలో కలిసినను ఆయన మాట మట్టి కాలేదు. దానిని గైకొనువారు ఉన్నంతకాలము అది బ్రదికియే యుండెను.

అయితే రెండవ ప్రక్కయు నున్నది. ఆ రెండు రాత్రులు ఆమె ఒక్కతెవే కావు. లేచి నిలువబడిన గాయకులవి, యేడ్చిన సేవకునివి, చప్పట్లు చరచిన సంఘమువారివి కూడ. వారి సాక్ష్యము నలువది ఆరేండ్లు చీకటిలో నుండెను. మరియు బేతనియలో అత్తరుబుడ్డి పగులగొట్టిన స్త్రీని జ్ఞాపకము చేసికొనుడి. తన పనిని చాటించుడని ఆమె ఎవరినీ అడుగలేదు. అయినను సువార్త ప్రకటింపబడు చోటనెల్ల ఆమె చేసినది చెప్పబడునని ప్రభువు సెలవిచ్చెను. మంచి కార్యము యొక్క జ్ఞాపకము, చేసినవారి పెట్టెలో తాళము వేసి దాచదగిన సొత్తు మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

కాని అదే యింటిలో రెండు విధములైన కన్నులు ఉండెనని మరువకుడి. ఒకటి ప్రేమను చూచెను. మరియొకటి మూడువందల దేనారములను లెక్కపెట్టెను. బుడ్డి ఒక్కటే, అత్తరు ఒక్కటే, చూపులు మాత్రము రెండు. ఆ సినిమాహాలు మందిరముగా మారిన దినమున అక్కడి జనుల కన్నులు మారవలసివచ్చెను: వేడుక చూడ వచ్చు కన్ను ప్రార్థింప వచ్చు కన్ను కావలెను. ఆ మందిరము మరల సినిమాగా మారి మన ముందుకు వచ్చినప్పుడు, మన కన్ను ఏ కన్నైనది?

ఇక మా తీర్పు ఏమనగా: ఆమె వద్దనుటలో సిగ్గుపడి దాచుకొనునది ఏదియు లేదు. నచ్చినదే అయినను నన్ను అడుగక చూపవద్దనుట, అడుగబడు హక్కును కోరుటయే. తన పేరెరుగని వారుకూడ ఎరిగిన పాటలో ఆమె అడిగిన మర్యాదయు అదియే. ఆమె జీవించియుండగా కోర్టు ఆ హక్కును నిలిపెను. ఆమె పోయిన తరువాత ఆ హక్కు గాలిలో కలిసిపోలేదు. ఆమె యింటివారి చేతికి వచ్చెను. వారిని అడిగిరి, వారు ఒప్పుకొనిరి. కాబట్టి చూచుట పాపమని మేము చెప్పము. వారిని అడుగకయే చూపియుండినయెడల, పాట ఎంత మధురమైనను, దానిని చూడకుండుటయే న్యాయమైయుండును.

అయినను అంగీకారపత్రము చట్టము నోరు మూయించును గాని మనస్సాక్షిని పూర్తిగా నిద్రపుచ్చదు. ఆమె మనస్సు మారినదని మనకెవరును చెప్పలేదు. గనుక చూచువాని మీద ఒక ఋణము మిగిలియున్నది. టిక్కెట్టు కొన్నాను గనుక ఇది నాదే అనువానివలె చూడరాదు. ఒకరి యింటిలోనికి అతిథిగా పిలువబడినవానివలె చూడవలెను. ఆ పాటను మెచ్చుకొని చెప్పునప్పుడు, ఆమె వద్దన్న సంగతిని కూడ దాచక చెప్పవలెను. ఏడ్చువానిని చూచి వినోదించుట వేరు. రోమా పత్రిక 12వ అధ్యాయము బోధించునట్లు అతనితో కూడ ఏడ్చుట వేరు.

ఇదంతయు సముద్రముల ఆవలి సంగతి, మనకేల అందురేమో. మన సంఘములలో నేడు ప్రతి చేతను కెమేరా యున్నది. కాలువలో బాప్తిస్మము పొంది తడిబట్టలతో వచ్చుచున్న అక్కను, స్వస్థత కూటములో మోకాళ్లూని యేడ్చుచున్న విధవరాలిని, మంచము మీద కడ ఊపిరి పీల్చుచున్న తాతగారిని సెల్‌ఫోనుతో తీసి, ఆ సాయంకాలమునకే ఊరూరా పంపుచున్నాము. సాక్ష్యము వ్యాపింపజేయుచున్నామని మన సమాధానము. ఆ అక్కను అడిగితిమా? అరీతా ఫ్రాంక్లిన్‌కు న్యాయవాదులు ఉండిరి. ఆమె వద్దనగా న్యాయస్థానము విన్నది. కూలికి పోయి వచ్చి ప్రార్థనలో తన యింటి గుట్టు విప్పుకొనిన మన సహోదరి వద్దనిన, వినువారెవరు? ఆమెకు వద్దనవచ్చునని కూడ తెలియదు. మూగవారి పక్షమున నోరు తెరువుమని సామెతల గ్రంథపు చివరి అధ్యాయము మనకు ఆజ్ఞాపించుచున్నది గదా.

కావున సంఘపెద్దలకును యౌవనస్థులకును మా మనవి ఇది. తీయకముందు అడుగుడి. కన్నీళ్లు కారుచున్న గడియలో అడుగకుడి; అప్పుడు సరే అన్నది సరే కాదు. మరునాడు శాంతముగా నున్నప్పుడు చూపించి అడుగుడి. వద్దన్నయెడల కారణము చెప్పుమని నిలదీయకుడి, చెరిపివేయుడి. మరణించినవారి విషయములో వారి యింటివారిని అడుగుడి. బ్రదికియున్నప్పుడు వారు చెప్పిన మాట మీకు తెలిసినయెడల, ఇంటివారు మరచినను మీరు జ్ఞాపకము చేయుడి.

పాడువారు పోవుదురు, పాట నిలుచును. నిలిచిన పాటను అనుభవించు మనము, పోయినవారి మర్యాదను కూడ నిలుపవలసినవారము. చూడదగినదానిని చూచుటకును, చూడదగనిదానినుండి కన్ను త్రిప్పుకొనుటకును ప్రభువు మనకు వివేకము దయచేయునుగాక.