వినేవాళ్ళు లేని గంట

వినడానికి ఎవరూ రానప్పుడు గుడిగంట మోగించడం దేనికి? ప్రశ్న చిన్నదే. కాని చెన్నపట్నంలో ఆర్మీనియన్ చర్చి చూసినప్పటి నుంచీ అది నన్ను వదిలిపెట్టడం లేదు.

జార్జిటౌనులో, హైకోర్టుకి దగ్గర్లోనే ఉంది ఆ వీధి. తోపుడుబళ్ళు, బస్తాలు మోసే కూలీలు, ఆటోల మోత! ఆ సందట్లో ఓ తెల్లని గోడ, దానికో పాత తలుపు. తలతిప్పి చూడకుండా దాటిపోయేవాళ్ళే ఎక్కువ. లోపల అడుగుపెడితే మాత్రం దేవగన్నేరు చెట్లు, నేలమీద పరిచినట్టున్న సమాధి రాళ్ళు. ఇప్పుడున్న చర్చి 1772 నాటిది. పక్కన విడిగా గంటల గోపురం, అందులో ఆరు పెద్ద గంటలు.

ఒకప్పుడు పట్టు, రత్నాలు, సుగంధద్రవ్యాల వ్యాపారం మీద పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఆర్మీనియన్లు. క్రమంగా ఊరు విడిచి వెళ్ళిపోయారు. వారం వారం ప్రార్థనకు వచ్చే కుటుంబాలు లేవు. ఆఖరికి వీధి పేరులో కూడా వాళ్ళు సరిగ్గా మిగల్లేదు. తమిళంలో అది "అరణ్మనైక్కారన్ వీధి" అయి కూచుంది. అంటే రాజభవనం వాడి వీధి! అయినా కలకత్తాలోని ఆర్మీనియన్ల సాయంతో చర్చి నిలిచింది. ఆర్మీనియన్ కాని సంరక్షకుడొకాయన ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ఆ గంటలు మోగించాడు.

ఈ సంగతి చెబితే మా పక్కింటి వదినగారు, "బావుందమ్మా! తలదాచుకోను చోటులేని జనం పేవ్‌మెంట్ల మీద పడుకుంటుంటే, ఎవరూ రాని గుడికి అంత జాగానా?" అంది. కొట్టిపారేసే మాట కాదది. మనిషి ఆకలి కంటే రాతిగోడ గొప్పదని నేనూ అనను.

కాని ఆ ఆర్మీనియన్లలోనే కోజా పెట్రస్ ఉస్కాన్ అనే వర్తకుడుండేవాడు. 1726లో సైదాపేట దగ్గర అడయారు నది మీద సొంత డబ్బుతో వంతెన కట్టించాడు. తరవాత దాని మరమ్మతులకీ నిధి ఏర్పాటు చేశాడు. ఇప్పుడక్కడ కొత్త వంతెన ఉంది. పాతదాని మీద రెండు శతాబ్దాలకు పైగా నడిచినవాళ్ళలో ఆయన పేరెరిగినవాళ్ళు ఎందరు? ఎండాకాలం చలివేంద్రం పెట్టిన ఇల్లాలు, నీళ్ళు తాగేవాడి ఊరూ పేరూ అడుగుతుందా?

చర్చి ఆవరణలో హరుత్యూన్ ష్మవోనియన్ సమాధి ఉంది. షిరాజ్ నుంచి వచ్చిన మతగురువు. ఒకే వారంలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి. అంత దుఃఖం మోసినవాడు, 1794లో ఈ ఊళ్ళోనే "అజ్దరార్" అనే పత్రిక ప్రారంభించాడు. ప్రపంచంలో ఆర్మీనియన్ భాషలో వెలువడ్డ మొదటి పత్రిక అదే. చదివేవాళ్ళు గుప్పెడుమంది. నడిచింది ఏడాదిన్నర. లెక్కలు చూసుకునేవాడు చేసే పనేనా అది?

వదినగారి ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇంతే. ఎదుట ఉన్నవాడికి పెట్టడం ధర్మం, అందులో వాదన లేదు. కాని లేనివాళ్ళకోసం చేసే పని, ఉన్నవాళ్ళకు చేసేదానికి పోటీ కాదు. ఒకదానివల్ల రెండోది అలవాటవుతుంది. కృతజ్ఞత చెప్పలేనివాళ్ళ సమాధులు తుడిచే చెయ్యి, కృతజ్ఞత చెప్పడం చేతకాని ముసలివాళ్ళకి అన్నం కలిపి పెట్టడానికి విసుక్కోదు. ప్రతిదానికీ "ఎందరొస్తారు? ఎంత గిడుతుంది?" అని అడగడం నేర్చిన ఇంట్లో, మంచాన పడ్డ అత్తగారి గదికి కూడా ఎప్పుడో ఒకనాడు అద్దె లెక్క కడతారు.

తద్దినంనాడు మనం మూడు తరాల పేర్లు తలుచుకుంటాం. ఆ పైవాళ్ళు పేర్లు లేకుండా కలిసిపోతారు. మనమూ అంతే. తనవాళ్ళు కానివాళ్ళ గుళ్ళో గంట తాడు లాగే మనిషిని తలుచుకుంటే, ఆ కలిసిపోవడం అంత భయమనిపించదు.