కుడిచేయి, ఎడమచేయి

ధ్యానభాగము: న్యాయాధిపతులు 3:12–30



ఇశ్రాయేలీయులు మోయాబు రాజైన ఎగ్లోనుకు 18 సంవత్సరములు దాసులైయుండగా, దేవుడు వారికొరకు లేపిన రక్షకుడు ఏహూదు. పరిశుద్ధ గ్రంథము అతని బలమును గూర్చి గాని రూపమును గూర్చి గాని చెప్పక, అతడు ఎడమచేతి వాటముగలవాడని చెప్పుచున్నది. హెబ్రీ భాషలో ఆ మాటకు కుడిచేయి బంధింపబడినవాడని భావము. అనగా ఎడమచేతివానికి పేరు పెట్టునప్పుడు సహితము లోకము కుడిచేతినే చూచినది. అతని గోత్రమో బెన్యామీను. బెన్యామీను అనగా కుడిచేతి కుమారుడు! ఆ గోత్రములోనే 700 మంది ఎడమచేతి వడిసెలగాండ్రుండిరని 20వ అధ్యాయములో చదువుచున్నాము. ఏహూదు కత్తిని కుడితొడమీద కట్టుకొనెను. కావలివారు చూచినను ఎడమప్రక్కనే చూచియుందురు.

లోకములో పదిమందికి ఇంచుమించు ఒకరు ఎడమచేతివారు. నూరుగురు కూడిన సంఘములో పదిమంది ఉండవలెను గదా, వారెక్కడ? కామారెడ్డి మొదలుకొని ఎల్లారెడ్డి వరకు మన గ్రామములలో చూడుడి. కానుక వేయుటకు పసివాడు ఎడమచేయి చాపగానే నాయనమ్మ ఆ చేతిమీద కొట్టి, “మంచి చెయ్యి పెట్టురా” అనును. అప్పుడు రెండవది చెడ్డ చేయి అని వాడు నేర్చుకొనును. బడిలో పలక పట్టినప్పుడు అదే దెబ్బ. బీడీలు చుట్టు ఇంటిలో తునికాకు కత్తిరించు ఆడపిల్ల ఎడమచేత కత్తెర పట్టిన యెడల ఆకు తెగక నలుగును. కత్తెర కుడిచేతికి చేయబడినదని ఎవరును చెప్పరు, పిల్ల పనికిరానిదందురు.

ఎడమచేయి శౌచమునకు వాడునది గదా అని కొందరడుగుదురు. సబ్బుతో కడిగిన తరువాత రెండు చేతులును చేతులే.

అయితే సంగతి ఇంకను లోతైనది. 2009లో డేనియల్ కసాసాంటో అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పరిశోధన ప్రచురించెను. నడుమ ఒక బొమ్మ, ఇరుప్రక్కల రెండు గడులు గీచి, మంచి జంతువును ఒకదానిలో, చెడ్డదానిని మరియొకదానిలో వేయుమని అడిగిరి. కుడిచేతివారిలో అధికులు మంచిదానిని కుడిప్రక్కను వేసిరి. ఎడమచేతివారిలో అధికులు ఎడమప్రక్కను వేసిరి! మరుసటి సంవత్సరపు పరిశోధనలో ఒబామా, మెక్కెయిన్ అను ఎడమచేతి నాయకుల 2008 ఎన్నికల వాదములను పరిశీలించిరి. వారు మేలైన సంగతులు చెప్పునప్పుడు ఎడమచేయి ఆడుట ఎక్కువగా కనబడెను. 2004లో వాదించిన కుడిచేతి నాయకులకు కుడిచేయి ఆడెను.

అంతకంటె ఆశ్చర్యమైనది 2011లో వెలువడినది. పక్షవాతముచేత కుడిచేయి పడిపోయిన కుడిచేతివారు ఎడమప్రక్కనే మంచిగా ఎంచసాగిరి. ఆరోగ్యవంతులైన విద్యార్థులు కొందరు కుడిచేతికి మందమైన తొడుగు వేసికొని 12 నిమిషములు పని చేయగా, వారి తీర్పును ఎడమకు తిరిగెను. పన్నెండు నిమిషములే! చేతికి సుళువైన వైపు మంచిదనియు, తడబడిన వైపు చెడ్డదనియు మన హృదయము తీర్పు తీర్చుచున్నది. పైగా అది న్యాయమని తలంచుచున్నది.

సేద్యగాండ్రకు ఇది బాగుగా తెలియును. దాపటి ఎద్దును వలపట కట్టిన యెడల చాలు తప్పును. అంతమాత్రమున దానిని సంతకు తోలము. దాని వైపున దానిని కట్టుదుము. ఎద్దునకు చూపు ఈ న్యాయమును బిడ్డకు ఏల చూపకపోతిమి? ఎడమచేతి బిడ్డ కుడిచేత వ్రాసి వంకరలు పోవునప్పుడు మొద్దు అని పిలుచుచున్నాము. వాడును మెల్లగా ఆ పేరుకు పలుకుచున్నాడు.

మత్తయి 25వ అధ్యాయములో మేకలు ఎడమప్రక్కను నిలుచును గదా అని ఒక పెద్ద మమ్మునడిగెను. ఆ భాగమును చివరివరకు చదువవలెను. అక్కడ ఎవరిని ఏ చేతితో తింటివని అడుగలేదు. ఆకలిగొన్నవానికి పెట్టితివా, రోగిని చూడ వచ్చితివా అనియే అడిగిరి. మన గొల్లకురుమలు గొర్రెలను మేకలను కలిపియే మేపుదురు. మేకయై పుట్టుట నేరమని ఏ కాపరియు అనడు.

ఇప్పుడు ఆదికాండము 48వ అధ్యాయమునకు రండి. యోసేపు తన కుమారులను తండ్రియొద్దకు తెచ్చి, పెద్దవాడైన మనష్షేను యాకోబు కుడిచేతి తట్టు, చిన్నవాడైన ఎఫ్రాయిమును ఎడమచేతి తట్టు నిలిపెను. ముసలివాడు చేతులు అడ్డముగా మార్చెను. యోసేపునకు అది బాధగా తోచి తండ్రి చేతిని పట్టుకొని మార్చబోయెను; నాయనమ్మ బిడ్డ చేయి మార్చినట్లే. యాకోబు ఒప్పుకొనలేదు, తెలిసియే చేయుచున్నాననెను. ఎఫ్రాయిము అధికుడగుననియే మనము ప్రసంగించుదుము గాని, ఎడమచేయి మోపబడిన మనష్షే సంగతి విడిచిపెట్టుదుము. అతడును ఒక జనమై గొప్పవాడగునని తాత చెప్పెను. ఆ దీవెన ఎడమచేతి క్రిందనుండియే వచ్చినది.

కావున సంఘపెద్దలు కానుక యొద్దను, ప్రభువు బల్ల యొద్దను ఏ బిడ్డ చేతిని మార్చకుందురు గాక. సండేస్కూలు ఉపాధ్యాయులు ఎడమచేత వ్రాయువానిని బల్లకు ఎడమ కొనను కూర్చుండబెట్టవలెను. ప్రక్కవాని మోచేయి తగులదు. ఇప్పుడు కోత యంత్రములు వచ్చినను గట్లమీది గడ్డికి కొడవలి తప్పదు. ఇంటిలో ఎడమచేతివారున్న యెడల, పండ్లు అటువైపు తిప్పి నూరుమని కమ్మరితో చెప్పుడి.