రాత్రి బస్సులో మేలుకొలుపు

విజయవాడలో రాత్రి పదింటికి విశాఖపట్నం బస్సెక్కి సీటు వెనక్కి వాల్చగానే మా నాన్నగారు చెప్పిన కోతిపిల్లా, పిల్లిపిల్లా గుర్తొస్తాయి నాకు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుని ఉండాలి. పట్టు జారితే అంతే. పిల్లిపిల్లకు ఆ బాధ లేదు. తల్లే నోట కరుచుకుని ఎక్కడికి చేర్చాలో అక్కడికి చేరుస్తుంది. భగవంతుడు కాపాడాలంటే మనం కోతిపిల్లలా పట్టుకోవాలా, పిల్లిపిల్లలా ఊరుకోవాలా? శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై శాఖల మధ్య భేదాలు చాలానే ఉన్నా జనానికి బాగా తెలిసింది ఇదే. వడగలైది మర్కట కిశోర న్యాయం, తెంగలైది మార్జాల కిశోర న్యాయం అంటారు.

మా నాన్నగారు కృష్ణా జిల్లాలో ఒక చిన్న వేణుగోపాలస్వామి గుడి అర్చకులు. వడగలై ఆచార్యులు వేదాంత దేశికులనూ, తెంగలై ఆచార్యులు పిళ్లై లోకాచార్యులనూ ఇద్దరినీ చదువుకున్న మనిషి. దేశికుల ప్రకారం భగవంతుడి దయకు మన వైపు నుంచి చిన్న నెపమైనా ఉండాలి, కనీసం శరణు అన్న మాట. లోకాచార్యుల ప్రకారం ఆ మాట కూడా ఉపాయం కాదు. ఆయన కాపాడుతుంటే అడ్డుపడకుండా ఉండటమే మన వంతు. నాన్నగారి మనసు పిల్లిపిల్ల వైపే ఉండేది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కంటే రాత్రి ప్రయాణాల్లోనే ఎక్కువ ఎదురైంది.

మా అమ్మాయి ఉండేది విశాఖలో, ఎంవీపీ కాలనీలో. రైలు టికెట్లు అనుకున్న రోజుకి దొరకవు కాబట్టి నాకు ఆర్టీసీ బస్సే దిక్కు. దాదాపు మూడువందల యాభై కిలోమీటర్లు, రాత్రంతా ప్రయాణం. బస్సు కదిలే ముందు డ్రైవరు చేసే పని ఒకటి చూడటం నాకిష్టం. అగరొత్తి వెలిగించి ముందున్న పటానికి చూపిస్తాడు. స్టీరింగుని రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంటాడు. అప్పుడు తాళం తిప్పుతాడు. ఏలూరు దాటేసరికి లైట్లు ఆరిపోతాయి, అందరూ నిద్రలోకి జారుకుంటారు. రైతుబజారులో వంకాయ కొనాలంటే అటు తిప్పి ఇటు తిప్పి చూసే మనం, పేరైనా తెలియని మనిషి చేతిలో ప్రాణం పెట్టి హాయిగా నిద్రపోతాం. గుళ్లో చేతులు జోడించినప్పుడు కూడా నేనింత పూర్తిగా వదిలేసుకోలేదు. శరణాగతి అంటే ఇదేగా అనుకునేదాన్ని చాలాకాలం.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఆర్టీసీలో డ్రైవరయ్యాడు. ఓ పెళ్లిలో కలిసినప్పుడు, రాత్రిపూట నిద్రను ఎలా ఆపుకుంటావని అడిగాను. వాడు చెప్పింది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "టీచర్‌గారూ, కళ్లు మూతపడటం ఆఖర్న జరుగుతుందండీ. అంతకంటే ముందే ఆలోచన ఆగిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చేతులు స్టీరింగు మీదే ఉంటాయి. కానీ ఇందాక దాటిన ఊరేదో గుర్తుండదు. గుర్తురాలేదని తెలిసిందా, ఒళ్లు జలదరిస్తుంది. వెంటనే పక్కకి ఆపేసి మొహం కడుక్కుంటానండీ." తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా మహా కష్టమన్నాడు. నైట్ అవుట్ వెళ్లినప్పుడు పగలు పడుకునే రెస్ట్ రూము సంగతీ చెప్పాడు. రేకుల కప్పు, మధ్యాహ్నం ఎండ, కరెంటు పోతే ఫ్యానుండదు, పక్కనే బస్సుల హారన్లు. ఆ గదిలో పొర్లాడి లేచినవాడే ఆ రాత్రి మళ్లీ మనల్ని మోసుకురావాలి.

ఆరోజు నుంచి నా ప్రశ్న మారింది. పిల్ల ఎలా ఉండాలని పండితులు తరతరాలుగా వాదించుకున్నారు. మోసే తల్లి ఎలా ఉందో, తిన్నదో లేదో, దానికి నిద్ర ఉందో లేదో ఎవరూ అడిగినట్టు లేదు. భగవంతుడి విషయంలో ఆ అవసరం లేదు నిజమే. ఆయనకు అలుపు లేదు. కానీ ఆయన దయ మన దాకా వచ్చేది అలుపున్న మనుషుల చేతుల మీదుగానే కదా.

జవాబు నాకు ఒక ఆషాఢంలో దొరికింది. ఆషాఢ చతుర్దశినాడు సింహాచలంలో గిరి ప్రదక్షిణ మొదలవుతుంది. కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్ల నడక. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, సముద్రం ఒడ్డున అప్పూఘర్ మీదుగా, ఎంవీపీ కాలనీ మీదుగా జనం రాత్రంతా నడుస్తారు. దానికని ముందురోజు రాత్రి బస్సెక్కాను. సన్నగా వాన. నా పక్క సీట్లో విజయనగరం జిల్లా ముసలమ్మ. కొడుకు తాడేపల్లిలో మేస్త్రీ పని చేస్తున్నాడట. ఆవిడా సింహాచలం అప్పన్న దగ్గరికే. మాది మొదటి వరస, డ్రైవరు సీటుకి దగ్గరగా.

సిద్ధాంతం వంతెన మీద ఆవిడ వశిష్ఠ గోదావరికి దణ్ణం పెట్టుకుంది. జొన్నాడ వంతెన మీద గౌతమికి పెట్టుకుంది. అప్పటికి బస్సులో మెలకువగా ఉన్నది మేమిద్దరమూ, డ్రైవరూ.

"ఏటమ్మా, నిద్దర పట్టనేదా?" అంది.

"మీరూ పడుకోలేదుగా" అన్నాను.

"బాబు ఒక్కడే మేలుకునున్నాడు గదమ్మా. తోడుంటే ఆడికి బాగుంటాది."

అలా అని ముందుకు వంగి, "బాబూ, ఏ ఊరు మీది?" అంది. అతను చెప్పాడు. కాసేపాగి, పిల్లలెంతమంది అంది. ఇద్దరమ్మా, పెద్దది ఇంటర్ అన్నాడు. మళ్లీ కాసేపాగి, మీ ఊళ్లో వానలు పడ్డాయా అంది. డ్రైవరుతో మాట్లాడరాదన్న బోర్డు నాకు కనిపిస్తూనే ఉంది. పగలు రద్దీలో ఆ నియమం మంచిదే. ఆవిడ మాత్రం బోర్డు సంగతి పట్టించుకోలేదు. రెండు మాటలడిగి ఊరుకుంటోంది, అతని జవాబు వేగాన్ని గమనిస్తోంది. జగ్గంపేట దాటాక ఒకసారి జవాబు రాలేదు. గొంతు పెంచి మళ్లీ అడిగింది. "ఆఁ, అమ్మా" అన్నాడతను, ఉలిక్కిపడ్డట్టు. "టీ తాగుదూ బాబూ, మాకు తొందరేటీ నేదు" అందావిడ. కత్తిపూడి దగ్గర ఓ హోటలు ముందు బస్సు ఆగింది. అతను రెండు చెంబుల నీళ్లు మొహాన కొట్టుకుని, టీ తాగి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, ఎక్కేముందు ఆవిడ వైపు చూసి తల ఊపాడు. వెనకాల ముప్పై మందికి పైగా నిద్రపోతున్నారు. వాళ్లకిదేదీ తెలియదు.

అక్కడి నుంచి అన్నవరం ఎంతో లేదు. రత్నగిరి మీద దీపాలకు ముగ్గురం దణ్ణం పెట్టుకున్నాం. తుని దగ్గరికొస్తుంటే డ్రైవరు ఎడమవైపు చీకట్లోకి చూస్తూ చేతిని గుండెలకు తాకించుకున్నాడు. అటు లోవలో తలుపులమ్మ తల్లి ఉంది. ఉభయ గోదావరుల నుంచి ఉత్తరాంధ్ర దాకా డ్రైవర్లకు ఆవిడే దిక్కు. కొత్త బండి కొంటే ముందు అక్కడికి తీసుకెళ్లి పూజ చేయిస్తారు, అక్కడే వండుకు తింటారు. అద్దాల మీద ఆవిడ పేరు రాయించుకుంటారు. మేం అతని మీద భారం వేస్తే, అతను తలుపులమ్మ మీద వేశాడు. మోసేవాడికీ మోసే తల్లి కావాలి.

ఆ ముసలమ్మ కోతిపిల్లా కాదు, పిల్లిపిల్లా కాదు. తల్లిని మేలుకొలిపే పిల్ల. ఇలాంటి న్యాయం శాస్త్రంలో లేదే అనుకున్నాను. కాసేపటికి నాన్నగారి గొంతులో సుప్రభాతం మనసులో మెదిలింది. శాస్త్రంలో లేకపోవడమేమిటి, ప్రతి గుడిలోనూ తెల్లవారుజామున జరిగేది ఇదే. జగత్తును కాపాడేవాణ్ని మనం లేపుతాం. తిరుమలలో వినిపించే వేంకటేశ్వర సుప్రభాతం రాసింది ప్రతివాది భయంకరం అణ్ణన్. ఆయన తెంగలై ఆచార్యులు మణవాళ మామునుల శిష్యుడు. అంటే పిల్లిపిల్లలా ఊరుకోమన్న సంప్రదాయమే దేవుడికి మేలుకొలుపు పాట రాసిచ్చింది. ధనుర్మాసంలో సుప్రభాతం బదులు తిరుప్పావై పాడతారు. అందులో ఆండాళ్ ముందు తోటి పిల్లల్ని లేపుతుంది, తర్వాత నందగోపుడి ఇంటివాళ్లను లేపుతుంది, ఆపైన కృష్ణుణ్ని లేపుతుంది. శరణాగతికి పరాకాష్ఠ అని ఆచార్యులు చెప్పే పాటల్లో సగం మేలుకొలుపే!

నిద్ర లేనివాణ్ని లేపడమెందుకని చిన్నప్పుడు నాన్నగారిని అడిగాను. "ఆయనకి అవసరమని కాదమ్మా, మనకి అలవాటు కావాలని" అన్నారు. ఏ అలవాటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు నాకు తోచేదిది. నమ్మినవాణ్ని కనిపెట్టుకుని ఉండే అలవాటు. దేవుడి దగ్గర నేర్చుకుని మనుషుల దగ్గర పాటించవలసింది. పోతన గజేంద్ర మోక్షం చూడండి. ఏనుగు పడ్డ యాతన ఎంత చెప్పాడో, విష్ణువు పరుగు గురించీ అంత ప్రేమగా చెప్పాడు. లక్ష్మికి చెప్పకుండా, ఆయుధాలైనా అందుకోకుండా వచ్చాడంటే కాపాడేవాడు ఎంత మెలకువగా ఉన్నాడో చూడమనే. పాఠం చెప్పినప్పుడల్లా నేను ఏనుగు దగ్గరే ఎక్కువసేపు ఆగేదాన్ని. ఇప్పుడైతే ఆ పరుగు దగ్గర ఆగుతాను.

మనుషుల దగ్గర ఆ అలవాటు ఎంత అవసరమో చెప్పే రాత్రులూ ఉన్నాయి. 2013 అక్టోబరు 30న తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కల్వర్టును గుద్దుకుని తగలబడింది. 45 మంది నిద్రలోనే మంటల్లో చిక్కుకుని చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ ఒక రాత్రి బస్సు తగలబడింది. రెండుసార్లూ మా వీధిలో వినిపించిన మాట ఒకటే. "వాళ్ల రాత అలా ఉంది." నేను దేవుణ్ని నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే ఆ మాట వింటే నా కడుపు మండుతుంది. కిటికీ అద్దం పగలగొట్టే సుత్తి ఉందా లేదా అన్నది నుదుటి రాత కాదు. వెనక తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నదీ కాదు. డ్రైవరు ముందురోజు ఎన్ని గంటలు బండి నడిపాడన్నది అసలే కాదు. ఇవన్నీ మనుషులు రాసే రాతలు. మనుషులు చేయవలసిన పని చేయకుండా, జరిగినదాన్ని దేవుడికి అంటగట్టడం భక్తి కాదు, అపచారం.

ఆ రెండుసార్లూ చట్టం లేక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025లో రద్దయ్యేదాకా, డ్రైవరుకి రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటల పని అని పెట్టింది. దూరప్రయాణాలకు కొంత సడలింపు ఉండేది. ఏకబిగిన ఐదు గంటలు పని చేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. నాకైతే ఈ అరగంట కూడా మేలుకొలుపు పాటలాంటిదే. డ్రైవరు కళ్లు మూతపడితే గోలపెట్టే యంత్రాలు వచ్చాయంటున్నారు. రావాలి, ప్రతి బస్సులోనూ పెట్టాలి. కానీ పగలు నిద్రపోనివ్వని మనిషిని రాత్రి మోత పెట్టి ఎంతసేపు నిలబెడతాం? రెస్ట్ రూములో చల్లటి చోటు, దోమతెర, నాలుగు గంటల ప్రశాంతత ఇచ్చి చూడాలి ముందు.

ఆ బస్సెక్కిన మర్నాడు రాత్రి గిరి ప్రదక్షిణలో అప్పూఘర్ దగ్గర జనం సముద్రంలో మునిగి తడిబట్టలతోనే నడక సాగించారు. దారి పొడుగునా కాలనీల వాళ్లు బల్లలేసుకుని మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర పట్టుకుని నిలబడ్డారు. నడిచేవాళ్లకు పుణ్యం దక్కుతుందంటారు. నేను మాత్రం ఆ రాత్రి మజ్జిగ గ్లాసు అందించిన ఎంవీపీ కాలనీ పిల్లవాడి ఎర్రబడ్డ కళ్లను ఎక్కువసేపు చూశాను. వాడు నడవలేదు. నడిచేవాళ్ల కోసం మేలుకున్నాడు. వాడికి దక్కే పుణ్యం మాకంటే తక్కువని నేననుకోను.

విశాఖకో, పూరీకో, మరే సముద్రపు ఒడ్డుకో రాత్రి బస్సెక్కే ప్రతివారినీ నేను కోరేది కొంచెమే. ఆ దూరానికి తగని వేగంతో చేరుస్తామని ఊరించే బస్సు టికెట్ కొనకండి. రెండో డ్రైవరు ఉన్నాడా, అతనికి పడుకోవడానికి చోటుందా అని ముందే అడగండి. ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడో, సుత్తి ఎక్కడో చూసుకోండి. డ్రైవరును పలకరించి, భోజనం అయిందా, పగలు నిద్రపట్టిందా అని అడగండి. లేదని అతనంటే, దారిలో టీకి ఆపమనండి, ఆలస్యమైనా ఫర్వాలేదని మీ నోటితో చెప్పండి. అప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకుని నిద్రపోండి.