బాడుగకు దొరకునది పడవయే

మనము విశాఖపట్టణములో పడవ బాడుగకు మాట్లాడుకొని చేపల వేటకు సముద్రముమీదికి పోయితిమనుకొందము. గాలి లేచెను, కెరటములు పెరిగెను. సరంగు తిరిగి పోదమనుచున్నాడు. "డబ్బిచ్చితిమి గదా, ముందుకు పొమ్ము" అనుటకు మనకు హక్కు కలదా?

బొగ్గుగనుల వారమైన మనకు ఈ సంగతి తెలియనిది కాదు. గనిలో సర్దారు పని స్థలమును పరీక్షించి, గ్యాసువలన గాని పైకప్పువలన గాని అపాయమున్నదని చెప్పినయెడల మనుష్యులు వెలుపలికి రావలసినదే. బొగ్గు ఎంత కావలసియున్నను ఆ మాట దాటరాదు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ప్రయాణము హానికరమని పౌలు హెచ్చరించెను. శతాధిపతి ఖైదీ మాట వినక, నావికుని, ఓడ యజమానుని నమ్మెను. 276 మంది ప్రాణములు దక్కెను గాని ఓడ బద్దలాయెను. సముద్రము మనకు దూరమే. గోదావరి దగ్గరనే యున్నది. 2019 సెప్టెంబరు 15న ఆ నదిలోనే, కచ్చులూరు వద్ద, వరదవేళ విహారపు పడవ మునిగి అనేకులు మరణించిరి.

ప్రియులారా, సరంగు పేదవాడు. నాటి బాడుగ పోవునను భయముచేత వద్దనలేకపోవచ్చును. కావున ఒడ్డు విడువకముందే, "అన్నా, మధ్యలో తిరిగి వచ్చినను నీ బాడుగ పూర్తిగా నిచ్చెదము" అని చెప్పుదము. అప్పుడతడు నిర్భయముగా నిజము పలుకగలడు. పొరుగువానిని ప్రేమించుట యనగా అతని నోటికి ఆ స్వేచ్ఛ నిచ్చుటయు గదా!